బతికున్నవాళ్ళ పత్రం

క్షమాపత్రాలు అమ్మే సన్యాసి ఊళ్ళోకి వచ్చాడంటే ఇక పొలం పనులు ఆగినట్టే. ప్రసంగం అయ్యేదాకా, ఇంటికొక పత్రం కొనేదాకా చర్చి తలుపు దగ్గర నిలబడ్డ బంట్రోతు ఎవర్నీ కదలనివ్వడు. గోధుమ చేలో కలుపు మోకాలెత్తున పెరిగిపోయింది. ఈ రోజు కూడా చర్చి రాతి గచ్చు మీదే కూలబడి ఒలాయా నడుం పట్టుకుంది.

"కునికిపాట్లు పడకే వదినా, ఆ సన్యాసి నిన్నే చూస్తున్నాడు," అని పొరుగింటి కసీల్దా మోచేత్తో పొడిచింది.

"చూడనీవే. ఆయనొచ్చి నా చేలో కలుపు తీస్తాడా ఏంటి?"

పత్రం లేనివాళ్ళు ఈస్టర్ ముందు ఉపవాసాల్లో గుడ్డూ పాలూ ముట్టకూడదు. ఆ డబ్బంతా రాజుగారి యుద్ధాలకే పోతుంది. ఈ ఏడు ఒలాయా దగ్గర ఒక్క పత్రానికే డబ్బుంది.

కొడుకు తొరీబియో రాజుగారి సైన్యంతో దూరదేశం ఫ్లాండర్స్‌లో యుద్ధానికి వెళ్ళి ఆరేళ్ళయింది. పోయిన చలికాలం ఒక కుంటి సిపాయి వచ్చి, ఆ దళంలో ఎవరూ మిగల్లేదని చెప్పిపోయాడు. "శవాన్ని చూశావా నాయనా?" అని అడిగితే, "ఆ మంచులో ఎవరు చూస్తారమ్మా," అన్నాడు.

ఆమె వంతు వచ్చింది. కొడుకు సంగతి చెప్పింది. సన్యాసి ముందు రెండు కట్టలున్నాయి. ఒకటి బతికున్నవాళ్ళకి, ఒకటి పోయినవాళ్ళ ఆత్మల్ని పాపాల మంటల్లోంచి విడిపించడానికి. రెంటిలోనూ పేరు రాసే చోటు ఖాళీ.

"కొడుకు పేరున ఇది తీసుకో తల్లీ," అని ఆయన రెండో కట్ట మీద చెయ్యి వేశాడు. "వాడక్కడ మంటల్లో మాడుతుంటే నువ్విక్కడ గుడ్లు తింటూ కూర్చుంటావా?"

"వాడు బతికుంటేనో, ఫాదర్?"

"అప్పుడిది చెల్లదు."

"పోయుంటే?"

"అప్పుడు అది చెల్లదు," అని మొదటి కట్ట చూపించాడు.

ఒలాయాకి ఏడుపు కూడా రాలేదు. ఏడవడానికీ ఓపిక ఉండాలి కదా. మంటల మాట మాత్రం వదల్లేదు. వాడు నిజంగా అక్కడే ఉంటే? కానీ తన చేత్తో డబ్బిచ్చి, వాడి పేరు పోయినవాళ్ళలో రాయించడమా?

"తొందరగా తేల్చమ్మా, నా చేలో కలుపు కంకి వేసేట్టుంది!" అని వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.

"బతికున్నవాళ్ళదే ఇవ్వండి. తొరీబియో పేరు రాయండి," అంది ఒలాయా.

సన్యాసి నిట్టూర్చాడు. ప్రసంగాలతో ఆయన గొంతు బొంగురుపోయింది. "పోయినవాళ్ళకైతే ఒక్కసారి కొంటే చాలు. ఇది ప్రతి ఏడూ కొనాలి, తెలుసా?"

"కొంటాను. ప్రతి ఏడూ వచ్చి కొంటాను. రాయండి."

సన్యాసి పక్కన కూర్చున్న గుమాస్తా పేరు రాసి, సిరా ఆరడానికి ఇసక చల్లి ఇచ్చాడు. ఒలాయాకి చదువు రాదు. ఆ గీతల్ని కాసేపు చూసి, మడిచి అంగీలో దాచుకుంది.

బయటికి రాగానే కసీల్దా పట్టుకుంది. "మరి నీకేదే? ఉపవాసాలన్నాళ్ళూ ఏం తింటావు?"

"రొట్టె ఉంది. ఉల్లిపాయ ఉంది."

"మరి నీ కోళ్ళు పెట్టే గుడ్లో?"

"నీకు పత్రం ఉందిగా, నువ్వు తిను. వాడొచ్చాక మాత్రం నీకు ఒక్కటి కూడా ఇవ్వను."

కసీల్దా నవ్వబోయి ఆగిపోయింది. ఒలాయా ఇంటికి పోకుండా తిన్నగా చేనుకేసి నడిచింది.