ఏడో మేకు

ఆ సోమవారం ఇంట్లో నలుగురం ఉన్నాం. తాత, నాన్న, పుట్టింటికి వచ్చిన మేనత్త, నేను. తాతని అడిగితే ఐదుగురు అనేవాడు. ముందు గదిలో విప్పి పెట్టిన కుర్చీని కూడా కలుపుకునేవాడు. అది నూరేళ్లు దాటిన కుర్చీ. ఇంట్లో తనకన్నా పెద్దది అదొక్కటేనని దాని ముందు గొంతు కూడా తగ్గించేవాడు.

ఎత్తైన వీపు, గుండ్రటి చేతులు, ముందు కాళ్లకి చెక్కిన గోళ్లు. పాత గుడ్డంతా ఒలిచేశాక ఎముకల గూడులా మిగిలింది. తాత మూడు వారాలుగా దాన్ని మళ్లీ కడుతున్నాడు. అడుగున నార పట్టీలు చాపలా అల్లి బిగించాడు. వాటిమీద తొమ్మిది స్ప్రింగులు నిలబెట్టి కుట్టాడు. ఒక్కోదాన్ని పురికొసతో ఎనిమిది వైపులా లాగి ముడేశాడు. ఒక్క ముడి జారినా కూర్చున్న మనిషి ఓ పక్కకి ఒరిగిపోతాడు.

"ఉమ్మడి కుటుంబమే తల్లీ. ఒకళ్లు వదిలేస్తే అందరూ వంకరే," అనేవాడు నాతో.

నాన్న దగ్గర పిన్నులు కొట్టే గన్ ఉంది. కానీ ఈ పాత కుర్చీలో ఒక్క పిన్ను కనిపించినా తీసుకోనని, దాన్ని బాగుచెయ్యమని ఇచ్చినావిడ ముందే చెప్పింది. అందుకే తాతకి పని దొరికింది. ఆయన చిన్న మేకులు నోట్లో పోసుకుని కొట్టేవాడు. ఎప్పుడూ ఏడే. నాలుకతో ఒక్కో మేకునీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదాల మధ్యకి తెచ్చేవాడు. అయస్కాంతం ఉన్న సుత్తి దాన్ని అందుకునేది. ఒక చెయ్యి గుడ్డని లాగిపట్టాలి, ఇంకో చేతిలో సుత్తి. మూడో చెయ్యి నోరే.

నోట్లో మేకులున్న మనిషిని పలకరించకూడదు. మా ఇంట్లో పాకే పిల్లలకి కూడా ముందు అదే నేర్పుతారు.

నాకు అది కష్టం కాదు. నేను మామూలుగానే ఎవరినీ పలకరించను.

"బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంటుందేంట్రా ఇది," అని అత్త నాన్నతో అనేది. "ఏమే, తాత మేకులు గానీ నీ నోట్లో పోశాడా?"

పోయిన ఏడాది తాతకి పక్షవాతం వచ్చింది. చెయ్యి తిరిగొచ్చింది గానీ ఎడమ బుగ్గ మొద్దుబారిపోయింది. నీళ్లు తాగితే ఆ పక్కనించి కారతాయని నాకొక్కదానికే తెలుసు. నాన్నకి అనుమానం ఉండేది. "ఇంకోసారి ఏదైనా అయితే ఈ గదికి తాళం వేస్తాను నాన్నా," అన్నాడు. తాత వినిపించనట్టు సుత్తి తుడుచుకున్నాడు.

ఆ సోమవారం తాత స్ప్రింగుల మీద గోనెగుడ్డ కప్పి మేకులు కొడుతున్నాడు. రెండు దిగాయి. అప్పుడు వెనక మూల స్ప్రింగుకి ముడి జారుతూ కనిపించింది నాకు. గుడ్డ బిగిశాక ఇక సరిచెయ్యలేం, అంతా మళ్లీ విప్పాల్సిందే. మూడు వారాల పని.

"తాతా, ముడి," అన్నాను.

"ఏదీ," అని తిరిగాడు.

ఆయన గొంతు ఒక్కసారి కదిలింది. దగ్గాడు. చేతిలోకి ఉమ్మాడు. నాలుగే. ఐదుండాలి. ఇద్దరం నేలంతా వెతికాం. అయస్కాంతం సుత్తితో చాప కింద కూడా తడిమాను. దానికి ధూళి తప్ప ఏదీ అంటుకోలేదు.

"మా గురువు ఇంతకన్నా పెద్దది మింగాడు. మూడో రోజుకి దాని దారిన అది పోయింది," అన్నాడు తాత. "మీ నాన్నతో అనకు. అన్నావంటే రేపే తాళం."

"నొప్పొస్తే?"

"వస్తే నేనే చెప్తాగా. ఒట్టెయ్యి."

వేశాను. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం ఆయన ముడి సరిచేసి, మెత్తగా ఉండటానికి గుర్రపు వెంట్రుకలు చిక్కుతీసి పరిచాడు. తిండి ముట్టలేదు. బుధవారం వంగలేక కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. నాన్న వీధి చివర డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నేనూ వెళ్లాను.

"ఏం తిన్నారు పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

తాత నా వంక చూశాడు. నేను కిందికి చూశాను. చెప్పుల మీద గోనె పీచు ఉంది.

"గ్యాసండీ, పాత జబ్బే," అన్నాడు నాన్న. మాత్రలిచ్చి పంపేశారు.

ఇంటికొచ్చాక తాత కుర్చీ పక్కనే పడుకున్నాడు. మిగిలిన మేకులు నన్ను కొట్టమన్నాడు. "నోట్లో పెట్టుకోకు. చేత్తోనే కొట్టు, ఆలస్యమైనా ఫర్వాలేదు." పదకొండు కొట్టాను. మూడు వంకర పోయాయి. తాత వాటిని వేలితో తడిమాడు. నా చెయ్యి తీసుకుని పొట్ట మీద పెట్టుకున్నాడు. అది చెక్కలా ఉంది. అప్పుడైనా పరిగెత్తాల్సింది. మూడో రోజు ఇంకా పూర్తి కాలేదు కదా అనుకున్నాను.

గురువారం పెద్దాసుపత్రిలో పొట్టకి ఎక్స్‌రే తీశారు. మేకు తెల్లగా, స్పష్టంగా ఉంది. పేగుకి చిల్లు పడి విషమెక్కిందన్నారు. సోమవారమే తెచ్చుంటే చిన్న పని అన్నారు. శుక్రవారం మధ్యాహ్నానికే తాత పోయాడు.

అన్నీ అయ్యాక అత్త ముందు గదిలో, సగం కట్టిన కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"ఎప్పుడు మింగాడో ఎవరికీ తెలియదంటున్నాడు మీ నాన్న," అంది. "రోజంతా ఈ గదిలో ఉండేదానివి నువ్వే కదా."

"సోమవారం," అన్నాను. "నేను పిలిచాను. నోట్లో మేకులున్నప్పుడు."

అత్త నా నోటి వంక చూసింది.

"బుధవారం డాక్టరు అడిగినప్పుడు పక్కనే ఉన్నావుగా?"

"తాత ఒట్టు వేయించుకున్నాడు."

"నోరు తెరవకూడనప్పుడు తెరిచావు," అంది మెల్లగా. "తెరవాల్సినప్పుడు..."

 లేచి గుమ్మం దాకా వచ్చింది. నన్ను తాకకుండా, నా మొహం మీదే తలుపు వేసి లోపల గడియ పెట్టుకుంది.