వద్దన్నానని రాయండి

"స్టేషన్లో నీకేం పని ఉంటాదిలే. ఆడోళ్లు ఏడ్సుకుంటా వస్తారు, నువ్వు సముదాయించి పంపిస్తావు. అంతేగదా. ఒక పూట లీవు పెడితే ఏం కాదు," అన్నాడు మా ఆయన వీరభద్ర, ఉగ్గాని ప్లేటు ముందుకు లాక్కుంటూ.

నేను అత్తమ్మ కోసం ఇంకో వాయికి బొరుగులు తడిపి పిండుతున్నాను. ఖాకీ చొక్కా తడవకుండా నడుముకు పాత తువ్వాలు చుట్టుకున్నాను. మధ్యాహ్నానికి వేంపల్లె నుంచి ఆడబిడ్డ వాళ్లు వస్తున్నారు. వాళ్లకు వండిపెట్టాలి. సిమెంటు ఫ్యాక్టరీలో ఆయనకు ఆ రోజు సెలవే, అయినా లీవు పెట్టవలసింది నేను. "ఎస్సై సారు కడపకు బందోబస్తుకు పోయినాడు, స్టేషన్లో ఆడమనిషి నేనొక్కదాన్నే" అన్నాను. "నువ్వు లేకుంటే దొంగలంతా ఊరి మీద పడతారా ఏంది" అంది అత్తమ్మ మంచం మీది నుంచి. ఆయన నవ్వాడు. అలవాటు కొద్దీ నేనూ నవ్వి, స్కూటీ తాళాలు తీసుకుని బయటపడ్డాను.

దారంతా ఆయన మాటే చెవుల్లో ఉంది. అందులో అబద్ధం లేదు కాబట్టే నాకంత కోపం. పదమూడేళ్ల సర్వీసులో నేను బాగా నేర్చుకున్న విద్య అదొక్కటే. ఎవరైనా ఆడమనిషి కళ్లు తుడుచుకుంటూ గడప దాటగానే "మహాదేవమ్మా, నువ్వు కొంచెం మాట్లాడు" అని కేక వేస్తారు. నేను ఆమెను మూలనున్న బల్ల మీద కూర్చోబెట్టి, టీ పోసి, పిల్లలెంతమంది, పెద్దోళ్లతో మాట్లాడినావా, బయటపడితే ఎవరికి నష్టం అని ఒక్కొక్కటే అడుగుతాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆమె చెప్పడానికొచ్చిన మాట ఆమె గొంతులోకే దిగిపోతుంది. "మహాదేవమ్మ చేతిలో మహిమ ఉందప్పా" అని మావాళ్లు మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. శుక్రవారం పటాలకు పూలదండ వేయడం, పెద్ద ఆఫీసర్లొస్తే కప్పులు కడగడం కూడా నా వంతే. ఇంట్లో గొడవ బయటికి పోకుండా చూడాలి, స్టేషన్లోకి గొడవ రాకుండా చూడాలి. రెండు చోట్లా నా ఉద్యోగం ఒకటే.

పది గంటలప్పుడు ఇద్దరు ఆడవాళ్లు ఆటో దిగారు. ముందు నడుస్తున్నామెకు యాభై ఐదేళ్లుంటాయి, చేతిలో టిఫిను డబ్బా ఉన్న సంచి. వెనక వస్తున్న అమ్మాయి గోడ పక్కనే, గోడను తాకుతూ నడుస్తోంది. స్టేషన్లో రాతపని చూసే హెడ్ కానిస్టేబుల్ అయ్యన్న తల ఎత్తాడు. ఎస్సై లేనప్పుడు బాధ్యతంతా ఆయనదే. చెడ్డవాడేం కాదు, కాగితమంటే భయం.

"నా పేరు చాంద్ బేగం సామీ. ఇది నా కోడలు షమీమ్," అంది పెద్దామె. "నిన్న సాయంత్రం బండల పాలిష్ ఫ్యాక్టరీలో సూపర్వైజర్ దీన్ని చెరిచినాడు. కేసు పెట్టల్ల."

వరండాలో ఉన్నవాళ్లందరికీ వినపడేలా, ఒక్క మాట మింగకుండా చెప్పింది. అయ్యన్న చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ ఫ్యాక్టరీ మన లిమిట్స్ కాదమ్మా. ఆ పక్క స్టేషనుకు పోండి. లేకుంటే రేపు ఎస్సై సారొచ్చినాక రాండి. వచ్చేటప్పుడు నీ కొడుకును పిల్చకరా. మగదిక్కు లేకుండా ఇట్లాంటివి ఎట్లా రాసేది?"

"నా కొడుకు లారీ మీద యాడో ఒరిస్సాలో ఉండాడు. వానితో ఏం పని? జరిగింది నా కొడుక్కి కాదు సామీ, నా కోడలికి."

అయ్యన్న నా వైపు చూశాడు. "మహాదేవమ్మా, నువ్వు కొంచెం మాట్లాడు."

వాళ్లను మూల బల్ల దగ్గరికి తీసుకెళ్లాను. నిజం చెప్పాలంటే, అత్త వెంట వచ్చిందంటే ఎక్కడో ఏదో మెలిక ఉంటుందనే అనుకున్నాను. మా ఇళ్లల్లో అత్తలు కోడళ్ల వెంట స్టేషన్లకు రారు. ఫ్లాస్కు మూత తిప్పుతూ "పిల్లలెంతమందమ్మా" అని మొదలుపెట్టాను. షమీమ్ అప్పటిదాకా ఎత్తని తల ఎత్తింది. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, పెదవి పగిలి ఉంది.

"మీరు రాసుకుంటారా మేడం, ఊరికే వింటారా?" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఈ బస్సు కడపకు పోతుందా అని కండక్టరును అడిగినట్టు అడిగింది. పోకపోతే దిగి ఇంకో బస్సు చూసుకుంటుంది. నా చేతిలో ఫ్లాస్కు మూత అట్లాగే ఉండిపోయింది. ఇట్లా వచ్చినవాళ్లు చెప్పింది రాసుకుని తీరాలని పోయిన నెల కడపలో రెండు రోజుల ట్రైనింగులో చెప్పారు. నేను నోట్సు కూడా రాసుకున్నాను. అంతకుముందు మాత్రం తెలియదా నాకు? తెలుసు. తెలిసే ఇన్నేళ్లూ టీ పోశాను.

"రాసుకుంటా," అన్నాను. అయ్యన్న బల్ల దగ్గరికి వెళ్లాను.

"అన్నా, ఎవరి లిమిట్సైనా ముందు ఈడ రాసుకోవల్ల. జీరో ఎఫ్ఐఆర్ కట్టి తర్వాత ఆ స్టేషనుకు మనమే పంపల్ల. ఆడామె చెప్పేది ఆడపోలీసే రాయల్ల కాబట్టి నేను రాస్తా. మీరు కేసు కట్టండి."

"ట్రైనింగులో చెప్పేవి ట్రైనింగుకే మహాదేవమ్మా. ఎస్సై తిడతాడు."

"తిడితే నన్ను తిట్టమనండి. రాసుకోకుండా పంపిస్తే మన మీదే కేసు అయితాది, తెలుసు గదా మీకు."

"రెండేళ్లలో రిటైరయ్యేవాణ్ణి…"

"అందుకే చెప్తాండా అన్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. కాసేపు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, తెల్లకాగితాల దస్తా నా వైపు తోశాడు. "అక్షరాలు గుండ్రంగా రాయి," అన్నాడు.

తలుపున్న గది మాకు ఒక్కటే, పాత ఫైళ్ల గది. అందులో ఫోన్లు చూసుకుంటున్న ఇద్దరు కానిస్టేబుళ్లను "లేయండప్పా, గది కావల్ల" అని లేపాను. ఇద్దరూ నోరెత్తకుండా లేచి వెళ్లారు. ఇంత సులువా అనిపించింది. యాడ కూచుంటావు అని షమీమ్‌ను అడిగాను. తలుపు కనిపించే కుర్చీ ఎంచుకుంది. మీ అత్త ఉండల్లనా, బయట కూచోవల్లనా అంటే, "ఉండనీండి" అంది.

ఆ గంటన్నరలో నేను రాసిందానికంటే మింగిందే ఎక్కువ. ఒంటరిగా సామాన్ల గదిలోకి ఎందుకు పోయావు, వెంటనే ఎందుకు చెప్పలేదు, ఏం బట్టలేసుకున్నావు. ఇన్నేళ్లూ అడిగి అడిగి అరిగిపోయిన ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఒక్కటీ బయటికి రానివ్వలేదు. "తర్వాత ఏమైందమ్మా" అని మాత్రమే అడిగాను. తను ఆగినప్పుడల్లా పెన్ను కింద పెట్టి నేనూ ఆగాను. ఆమె చెప్పింది. ఆయప్ప తలుపేసినాడు. మిషన్ల చప్పుడులో అరిచినా ఎవరికీ ఇనపడలే. వద్దన్నా.

రాసింది చదివి వినిపిస్తుంటే ఒకచోట చెయ్యెత్తి ఆపింది.

"'ప్రతిఘటించగా' అంటే ఏంది మేడం? నేనా మాట అనలే. వద్దన్నా. వద్దన్నానని రాయండి. మూడుసార్లన్నా, మూడుసార్లని కూడా రాయండి."

ఎవరూ నేర్పకుండానే నా చేతికి అలవాటైన స్టేషన్ తెలుగు అది. ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, 'వద్దన్నాను, మూడుసార్లు వద్దన్నాను' అని రాశాను. ఒక ఆడమనిషి మాట ఆమె నోట్లోంచి వచ్చినట్టే కాగితం మీద నిలబడింది. అది నా చేత్తోనే రాశాననుకుంటే ఒళ్లంతా తేలికైంది.

"నా పేరు గూడా రాయి బేటీ," అంది చాంద్ బేగం. "అత్త ఎంట వచ్చిందని రాయి. రేపు ఎవడన్నా అత్తకు ఇష్టం లేదు అంటే? 'అత్తగారు' అని రాయి, గౌరవంగా ఉంటాది."

షమీమ్ పగిలిన పెదవి నొప్పెడుతున్నా నవ్వేసింది. "ఇంట్లో ఎప్పుడన్నా గారు అనినానా నేను" అంది. ముగ్గురం నవ్వాం. ఆ గదిలో నవ్వు వినపడటం అదే మొదటిసారేమో, అయ్యన్న తలుపు బయట నుంచి "ఏమైందమ్మా" అని కంగారుగా అడిగాడు.

కేసు కట్టాక కాపీ తీసి షమీమ్ చేతికిచ్చాను. "ఇది నీది. నీ దగ్గరే పెట్టుకో." ఆమె వేలు పెట్టి ఒక్కొక్క పంక్తీ చదువుకుంది. "నేను చెప్పింది చెప్పినట్టే ఉండాది అత్తా" అని అత్తకు చూపించింది. చాంద్ బేగంకు చదువు రాదు, అయినా కాగితాన్ని చాలాసేపు చూసింది.

జీపు లేదు కాబట్టి ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. లేడీ డాక్టరు మమ్మల్ని వరసలో నిలబెట్టకుండా వెంటనే లోపలికి పిలిచింది. ప్రతి పరీక్షకూ ముందు ఎందుకో చెప్పి, సరేనా అని షమీమ్‌నే అడిగింది. బయటికొచ్చి బల్ల మీద కూర్చున్నాక షమీమ్ "అత్తా, ఆకలైతాంది" అంది. నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదట. చాంద్ బేగం టిఫిను డబ్బా తెరిచి, నిమ్మకాయ చిత్రాన్నం ఎండిపోయిందని అన్నాన్నే తిట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, కోడలికీ నాకూ చెరో ముద్ద పెట్టింది. ఎవరైనా నాకు ముద్ద చేసి పెట్టి ఎన్నేళ్లైందో.

సాయంత్రం ఎస్సై ఫోన్ చేశాడు. అయ్యన్న కాగితాలన్నీ ఫోటోలు తీసి పంపించాడట. "నువ్వే రాసినావా?" అన్నాడు. అవునన్నాను. "కేసు పోయే ఆ పక్క స్టేషన్లో ఎవరూ ఒక్క మాట మార్చకుండా నేను చెప్తా. ఇకపైన ఇట్లాంటివి వస్తే నువ్వే రాయి," అన్నాడు. మూడో రోజు ఆ సూపర్వైజర్‌ను పట్టుకున్నారు.

కేసు రాసిన రోజు నేను ఇంటికెళ్లేసరికి దీపాలు పెట్టే వేళ. మా ఆయన వంటింట్లో చెమటలు కక్కుతూ సంగటి కెలుకుతున్నాడు. ఇంత ఆలస్యమేంది అన్నాడు. "కేసు రాసినా," అన్నాను. "నువ్వా?" "నేనే." కాళ్లు కడుక్కుని వచ్చి ఆడబిడ్డ పక్కన పీట వాల్చుకుని "నాకూ పెట్టు" అన్నాను. సంగటి నిండా ఉండలే. నాకెంత రుచిగా ఉందో! అడుగుతుంటే జరిగింది చెప్పాను, పేర్లు చెప్పకుండా. అత్తమ్మ చాలాసేపు విని, "ఆ పిల్ల ఎంట అత్తే వచ్చిందా?" అంది. అవునన్నాను. "గట్టిదే," అని, లేచి తన చేత్తో నా ప్లేటులో పప్పు వేసింది.

ఆ సంతోషం వారం రోజులు నాతో తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ ఆదివారం పొద్దున ఒక మనిషిని గుర్తుకు తెచ్చింది. పెళ్లిమంటపంలో గిన్నెలు తోమే మహిమ. పోయినేడు మంటపం మేనేజరు చేసింది చెప్పుకోవడానికి వచ్చింది. "నీకింకా పెళ్లి కావల్ల" అని నేనే చెప్పాను. టీ తాగి, ఆ గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

రైలు కట్ట పక్కన ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. గుమ్మం ముందు బట్టలు ఉతుకుతోంది. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పింది రాసుకోకుండా పంపించినా మహిమా. అది నా తప్పు. ఇప్పుడు రాసుకునేకి వచ్చినా. నీకిష్టమైతేనే. వద్దంటే ఈడ్నుంచే పోతా."

"ఏడాదైంది గదక్కా, ఇప్పుడు రాస్తారా?"

"ఆలస్యమైందని తిప్పిపంపే హక్కు ఎవరికీ లేదు."

ఆమె చేతుల నురగ దులుపుకుంది. చాలాసేపు పట్టాల వైపు చూసింది. "ఆ పొద్దు మీరిచ్చిన టీలో చక్కెర శానా ఎక్కువైందక్కా," అని నవ్వింది. తర్వాత లోపలికెళ్లి చున్నీ వేసుకుని వచ్చింది.

ఫైళ్ల గదిలో ఆమె చెప్పిందంతా రాశాను. చివర ఎఫ్ఐఆర్ ఫారం తీస్తే, అందులో 'ఫిర్యాదు ఆలస్యం కావడానికి కారణం' అని ఒక గడి ఉంది. "భయమేసిందని రాయండక్కా, పోనీలే," అంది మహిమ. గుమ్మంలో నిలబడ్డ అయ్యన్న కూడా అదే మేలన్నట్టు తల ఊపాడు.

"నువ్వు భయపడలే. మరుసటి రోజే వస్తివి," అన్నాను. రాసి, ఆమెకు పైకి చదివి వినిపించాను:

"మరుసటి రోజే ఫిర్యాదు ఇవ్వడానికి స్టేషనుకు వచ్చాను. కానిస్టేబుల్ మహాదేవమ్మ నన్ను తిప్పి పంపించింది."