ఇంటి కింద

నేను తువ్వాళ్లు మడత పెడుతుంటే మా అత్తగారు ఓపల్ వాటిలో ఒకటి తీసి వాసన చూసి, "అమ్మాయ్, ఇది ఉతికావా, తడిపావా?" అంది. మా ఆయన హార్లన్ నవ్వాడు. పంతొమ్మిదేళ్లుగా నవ్వుతూనే ఉన్నాడు. నార్త్ కరోలినా సముద్రతీరంలో జులై వస్తే చెప్పులకు కూడా బూజు పడుతుంది. ఆ బూజు తుడిచేదాన్ని నేనే, దానికి మాట పడేదాన్నీ నేనే. స్కూలు బస్సు నడిపి వచ్చి అల్మరాలు తుడిచేదాన్ని, వాసన పోవాలని ఉతికినవే మళ్లీ ఉతికేదాన్ని. "మా కోడలు వెల్డాకి ఇల్లు పట్టదు" అని చర్చిలో ఎవరితోనో అత్తగారు అన్నమాట నా చెవిన పడింది కూడా.

ఆ సోమవారం, బడి సెలవులే కదా అని, హార్లన్ పాత ప్యాంటు తొడుక్కుని ఇంటి వెనక ఉన్న చిన్న తలుపు తీశాను. మా ఇల్లు ఇటుక దిమ్మెల మీద ఉంటుంది. అడుగున మనిషి పాకేంత ఖాళీ. అక్కడికి వెళ్లేది మగవాళ్లే, అదీ పైపు పగిలితే.

టార్చ్ వెలుగులో దూలాలన్నీ చెమట పట్టి ఉన్నాయి. కింద పచ్చి మట్టి. చుట్టూ గోడల్లోని గాలి కంతల్లోంచి వేడి తేమగాలి వచ్చి పైన ఏసీకి చల్లబడ్డ చెక్కకి తగిలి నీళ్లవుతోంది. ఇల్లు ఊపిరి పీల్చాలి, కంతలు మూయకు అని హార్లన్ ఎన్నోసార్లు చెప్పాడు, వాళ్ల నాన్న మాటగా. ఇంకొంచెం పాకితే బట్టలారబెట్టే మిషన్ తడి ఆవిరిని బయటికి పంపే గొట్టం కనిపించింది. హార్లన్ బిగించిందే. ఊడిపోయి నేల మీద పడి ఉంది, పక్కన బట్టల పీచు గుట్ట.

మోచేతుల మీద అలాగే ఆగిపోయాను. వాసన పోవాలని నేను ఉతికిన ప్రతి తువ్వాలు తడీ ఈ దూలాలకే పట్టింది. ఎంత ఉతికితే అంత వాసన. ఏడుపు వస్తుందనుకున్నాను, నవ్వొచ్చింది.

రెండు వారాలు పట్టింది. గొట్టం బిగించి దాని మూతి గోడ బయటికి పెట్టాను. మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పరిచి అంచులు అతికించాను, కంతలు మూశాను, తేమ లాగే మిషన్ పెట్టాను. ఇల్లు ఊపిరాడక చస్తుందన్నాడు హార్లన్. తేమ కొలిచే మీటరు చూపించాను. ఎనభై నాలుగు శాతం ఉన్న తేమ యాభై రెండుకి దిగింది. అతను మీటరుని రెండుసార్లు తట్టి చూశాడు.

ఆగస్టులో ఒక ఆదివారం అత్తగారు భోజనానికి వచ్చి గుమ్మంలోనే ఆగి వాసన చూసింది. సబ్బేమైనా మార్చావా అని అడిగింది. సబ్బు కాదని, భోజనానికి కూర్చున్నాక ఇంటి కింద సంగతంతా చెప్పాను. ఆవిడ ఫోర్కు కింద పెట్టేసింది.

"ఈ వాసనకి మా ఆయనా నన్నే అనేవాడు, నలభై ఏళ్లు," అంది మెల్లిగా. "మా ఇంటి కిందకి కూడా ఒకసారి దిగుతావా?"

"శనివారం వస్తాను అత్తయ్యా. మీరు తలుపు దగ్గర టార్చ్ పట్టుకోండి."

శనివారం మరి వంటెవరు చేస్తారని హార్లన్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"నువ్వు చెయ్యి నాయనా. మాకిద్దరికీ కూడా."