తోడుగా వచ్చినవాళ్ళు

పొద్దున ఐదున్నరకు సుప్రజ వంకాయలు తరుగుతోంది. తొమ్మిదింటికి ఆమెకు ఆపరేషన్. తార్నాకలో రెండో అంతస్తు మీది ఒంటిగది అది. ఒక మూల గ్యాస్ పొయ్యి, ఇంకో మూల పుస్తకాలు. మంచం మీద అత్తగారు ప్రమీలమ్మ, కింద చాప మీద భర్త కరుణాకర్, బయట వరండాలో బావగారు పరుశురాం నిద్రపోతున్నారు. సుప్రజ రాత్రి పొయ్యి పక్కనే దుప్పటి పరుచుకుని నడుం వాల్చింది. ముగ్గురూ ఆమెను చూసుకోవడానికి వచ్చారు.

అత్తగారికి బయటి తిండి పడదు. బావగారికి షుగరు, వేళకు తినకపోతే కళ్ళు తిరుగుతాయి. కరుణాకర్‌కు ఏ జబ్బూ లేదు, పెళ్ళాం చేతి వంట అలవాటు, అంతే. నిన్న సాయంత్రం కారు దిగుతూనే ప్రమీలమ్మ, "దవాఖాన కాడ క్యాంటీన్‌ల సోడా వేస్తరట, ఇంత అన్నం, కూర కట్టుకపోదాం బిడ్డా" అంది. కట్టేది ఎవరో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

కూర ఉడికింది. సుప్రజ గరిటెతో కాస్త తీసి ఎడమ అరచేతిలో వేసుకుని, ఊది, నాలుకకు అంటించుకుంది. ఉప్పు తక్కువైంది. ఇంకాస్త వేసి, కలిపి, మళ్ళీ చూసింది. ఈసారి ఒక ముక్క కూడా నమిలింది. సరిపోయింది. నాలుగు గిన్నెల క్యారియర్ సర్ది, పొయ్యి మూల తుడిచి, స్నానానికి వెళ్ళింది.

ఎడమ రొమ్ములో గడ్డ ఆమె చేతికి తగిలింది ఎండాకాలంలో, ఇలా స్నానం చేస్తుండగానే. అప్పుడు చిక్కుడు గింజంత. పరీక్షలు చేసి, భయపడేది కాదు గానీ పెరుగుతోంది, తీసేద్దాం అన్నది డాక్టరమ్మ. చిన్న ఆపరేషనే, సాయంత్రానికి ఇంటికి పోవచ్చంది. ముప్పై మూడేళ్ళ ఒంటిమీద సుప్రజకు ఇంతవరకు ఒక్క కుట్టు పడలేదు. చిన్నదైనా పెద్దదైనా మత్తు మత్తే కదా, లేవకపోతే ఎట్లా అని లోపల వణుకుతూనే ఉంది. ఆ మాట ఫోన్‌లో కరుణాకర్‌తో అంటే, "గింత గడ్డకు అంత పరేషాన్ ఏంది? ఊర్ల ఎవ్వరికి చెప్పకు. గాడ గడ్డ అంటే ఏం బాగుంటది? అడిగితే కడుపునొప్పి అందాం" అన్నాడు. అతను జనగామ దగ్గర సొంత ఊళ్ళోనే టీచరు. ఆమె ఇక్కడ యూనివర్సిటీలో మూడేళ్ళుగా బోటనీలో పీహెచ్‌డీ చేస్తోంది. చదువు కోసం దూరంగా ఉండనిచ్చినందుకు ఆ ఇంటికి ఆమె ఎప్పుడూ ఏదో ఒకటి తీరుస్తూనే ఉండాలి. ఆపరేషన్‌కు మొదట ఇచ్చిన తేదీ వాయిదా పడింది ఆడబిడ్డ కూతురి ఫంక్షన్ కోసం. నూటయాభై మందికి వడ్డించడానికి ఇంటి కోడలు లేకపోతే ఎట్లా అన్నారు. రెండోసారి ఇచ్చిన తేదీ వరికోతల్లో పోయింది. ఈలోగా గడ్డ ఉసిరికాయంతైంది. మూడోసారి తేదీ ఇచ్చినప్పుడు ఆమె ఎవరినీ అడగలేదు. శుక్రవారం అని చెప్పింది, అంతే.

వాళ్ళు వస్తామన్నప్పుడు మాత్రం సంతోషపడింది. అదే ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. డిపార్ట్‌మెంట్ ల్యాబులో గాజుసామాను కడిగే సమ్మక్క, "ఎవ్వరు లేకుంటే నాకు ఫోన్ చెయ్ బిడ్డా, వారాసిగూడ నుంచి ఎంతసేపు, వస్త" అంటే, "లేదు సమ్మక్కా, మావాళ్ళు వస్తున్నరు" అని ఎంత గర్వంగా చెప్పిందో. క్యాంపస్‌లో కనబడిన నలుగురికీ చెప్పింది. తల్లి పోయి ఆరేళ్ళైనా నాకూ మనుషులున్నారని చూపించుకోవాలనిపించింది కాబోలు.

ఏడున్నరకు పరుశురాం కారులో నర్సింగ్ హోమ్‌కు చేరారు. కుర్చీల్లో సర్దుకున్నాక ప్రమీలమ్మ పక్కనున్నావిడతో మాట కలిపింది. "మమ్ముల ఎవరు చూసిండ్రమ్మా? నాకు క్యాంపుల పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసిండ్రు. మూడో రోజే బర్రె పాలు పిండిన. ఇప్పటోళ్ళకు అన్ని సోకులు." ఈ కథ సుప్రజ చాలాసార్లు విన్నది. ఆ మూడో రోజున పాలు పిండుతుంటే ఎంత నొప్పి పుట్టిందో అత్తగారు ఒక్కసారీ చెప్పలేదు. ఎవరూ అడిగి ఉండరు. అడగని ఆ మనుషుల మీద రావాల్సిన కోపం నామీదికి ఎందుకు తిరిగిందో అనుకుంది సుప్రజ.

అంతలో రిజిస్టర్ పట్టుకుని నర్సు బయటికి వచ్చి, అందరికీ వినబడేలా, "బ్రెస్ట్ గడ్డ పేషెంట్ సుప్రజ ఎవరమ్మా?" అంది.

పరుశురాం తల తిప్పేసుకుని గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాడు. కరుణాకర్ మొహం నల్లబడింది. అన్నకు కూడా కడుపునొప్పనే చెప్పాడు మరి. సుప్రజ కూడా సిగ్గుతో చచ్చిపోవాలనే అనుకున్నాడేమో, ఆమెవైపు గుర్రుగా చూశాడు. ఆమెకు సిగ్గు వేయలేదు. ఇన్ని నెలలుగా దాచిన మాట ఎవరో ఇంత మామూలుగా అనేసరికి ప్రాణం తేలికపడింది. లేచి వెళ్ళింది.

"రాత్రి పన్నెండు తర్వాత ఏమన్న తిన్నవా? తాగినవా?"

లేదని చెప్పబోయింది. నోరు తెరిచేసరికి నాలుక మీద వంకాయ కూర రుచి గుర్తొచ్చింది. పదేళ్ళప్పటి నుంచి కూర దించేముందు ఉప్పు చూడటం ఆమెకు ఊపిరి పీల్చుకున్నంత అలవాటు. అది తినడమని ఎప్పుడూ అనుకోలేదు. వెనక నుంచి కరుణాకర్ దగ్గరికి వచ్చి, "ఏంది, ఏమన్న తిన్నవా?" అన్నాడు.

"కూరల ఉప్పు చూసిన. ముక్క కూడ తిన్న."

"గదేం తినుడు? తినలేదని చెప్పు" అన్నాడు చెవిలో. "నేను మధ్యాహ్నం స్కూలుకు పోవాలె. మళ్ల డేట్ అంటే ఎవరొస్తరు?"

పోయిన వారం మత్తుడాక్టరు ప్రత్యేకంగా కూర్చోబెట్టి చెప్పాడు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అది ప్రమాదం అని. ఆ సంగతి ఆ రోజే కరుణాకర్‌కు ఫోన్ చేసి చెప్పింది. అతను ఊఁ కొట్టాడు. ఊఁ కొట్టినవాడు ఇప్పుడు అబద్ధం చెప్పమంటున్నాడు. అతనికి ఆమె చావు కావాలని కాదు, పాపం. ఆమె ప్రాణం సంగతి అతనికి తట్టనే లేదు. స్కూలు తట్టింది. అది తెలిసేసరికి సుప్రజకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది, కాళ్ళ నుంచి తలదాకా.

"ఆరింటికి వంకాయ కూర తిన్న సిస్టర్. ఒక ముక్క, ఇంత పులుసు" అంది గట్టిగా.

నర్సు పెన్ను పక్కన పెట్టింది. "ఆపరేషన్ దినం నువ్వే వండినవా?" సుప్రజ వెనక ఉన్న ముగ్గుర్నీ, ప్రమీలమ్మ ఒళ్ళో ఉన్న క్యారియర్‌నూ చూసింది. "ఇంతమంది ఉండంగ?"

నర్సు లోపలికి వెళ్ళి మత్తుడాక్టరును అడిగి వచ్చింది. ఇప్పుడు కుదరదు. ఇకనుంచి ఏమీ ముట్టకుండా ఉంటే మూడున్నరకు చివరి కేసుగా చేస్తారు. లేకపోతే వచ్చే నెలే.

"ఇగ పా" అన్నాడు కరుణాకర్. "వచ్చే నెల సూద్దాం. చదువుకున్నదానివి, తినొద్దని తెల్వదా? అందరి టైం ఖరాబు చేసినవ్."

"ఏమైతది తీయి, గడ్డ యాడికి పోతది" అంది ప్రమీలమ్మ లేస్తూ. "పరుశురాంకు తినే వేళైంది. క్యారియర్ల అన్నం సల్లారింది, రూముకు పోయి ఇంత వేడిగ వండు. తిన్నంక ఊరికి పోదాం, నువ్వు గూడ రెండు దినాలు ఉండి రావొచ్చు."

సుప్రజ కౌంటర్ దగ్గరే నిలబడింది. కత్తి భయం కత్తి భయమే. కానీ ఆ గదికి తిరిగి వెళ్ళి బియ్యం కడగడం తలుచుకుంటే ఈ భయమే నయమనిపించింది.

"సంతకం భర్తదే కావాల్నా సిస్టర్?" అని అడిగింది.

"నీ ఒంటికి నీ సంతకం చాలమ్మా. సాయంత్రం ఇంటికి తీసుకపోయేటందుకు మనిషి కావాలె, అంతే."

అక్కడే నిలబడి సమ్మక్కకు ఫోన్ చేసింది. సమ్మక్క ఏం జరిగిందని అడగలేదు. "మూడున్నరకా? రెండింటికే వస్త. డాక్టరమ్మకు చెప్పు, నేనున్న అని" అంది. సుప్రజ కాగితం మీద తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసి సంతకం చేసింది.

"ఏం చేస్తున్నవ్? మరి మేమేం చెయ్యాలె?" అన్నాడు కరుణాకర్. గొంతు తగ్గించాడు, నర్సు చూస్తోందని.

సుప్రజ కాగితాలు నర్సు చేతికిచ్చి అతనివైపు తిరిగింది.

"ఊరికి పోండ్రి. సాయంత్రం నేను వచ్చేసరికి రూముల ఎవ్వరు ఉండొద్దు. నేను పండుకోవాలె."