ఓబులమ్మ చేతుల నొప్పి

కోయిలకుంట్ల కల్యాణమంటపంలో చాపల మీద పడుకున్న ఆరుగురు నర్సింగ్ విద్యార్థినులు ఐదున్నరకే లేచి, తెల్లకోట్లు తొడుక్కొని, ఏడుగంటలకల్లా ఆటోలో పక్క ఊరి బడికి చేరేవాళ్ళు. బెంచీలు జరిపి జ్వరం బిళ్ళలు పొట్లాలు కట్టేవాళ్ళు. నీళ్ళతొట్లు బోర్లించమని ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాళ్ళు. వారానికి ఒకసారి కొళాయి వచ్చే ఊళ్ళో తొట్టి బోర్లించమనడం ఎంత సిగ్గుమాలిన సలహానో మూడోరోజుకే వాళ్ళలో ఒకతైన హరితకు అర్థమైంది. అయినా చెప్పేది. చేతికిచ్చిన కాగితంలో అలాగే ఉంది.

అది రెండువేల ఆరు, ఆగస్టు. చికెన్‌గున్యా జ్వరానికి ఊరు ఊరంతా నడుం వంగిపోయింది. కోళ్ళ వల్ల వచ్చిందని జనం కోడికూర మానేశారు. కోళ్ళు కాదు, దోమలు అని హరిత స్నేహితురాలు శివాని మైకులో అరిస్తే, "కోడినైతే మానుకుంటిమి. దోమను యాడ మానుకునేది తల్లీ?" అన్నాడొక ముసలాయన.

నాలుగోరోజుకు బిళ్ళలు అయిపోయాయి. జిల్లాకు కబురు పెడితే కరపత్రాలు రెండు కట్టలు వచ్చాయి. ఈ జ్వరంతో ఎవరూ చావరు, భయపడవద్దు అని వాటి మీద అచ్చు వేసి ఉంది.

ఆ ఊళ్ళో ముయ్యి ఉంది. ఈరోజు నువ్వు నా చేలో కలుపు తీస్తే రేపు నేను నీ చేలో తీస్తాను. నొప్పికీ అంతే. అరచేతిలో అరచెయ్యి పెట్టి, ఫలానా దినం తిరిగిస్తానని చెప్పి తీసుకునేవాళ్ళు. గంగక్క కాన్పు నొప్పుల్లో సగం పొరుగింటామె మోసింది, ఆమె కాన్పుకు గంగక్క మోసింది. పంటినొప్పితో బిడ్డ పెళ్ళి చేసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

"మా బద్వేలు దిక్కు తలనొప్పికే జరుగుతాది. కీళ్ళనొప్పులు పోవు" అంది శివాని, రక్తం తీసిన గాజు పలకలు సర్దుతూ.

ఈ ఏడు ముయ్యి ఆగిపోయింది. నొప్పులు అందరికీ ఉంటే తీసుకునేదెవరు? నిటారుగా నడిచేది ఎరువుల అంగడి నాగసుబ్బయ్య ఒక్కడే. ఆయన మోకాళ్ళనొప్పి పోయినేడే జీతగాడు చిన్న ఈరన్నకు చేరింది. దినం చెప్పమంటే "పండగ పోనీలేరా" అన్నాడు. ఏ పండగో చెప్పలేదు. అప్పటి నుంచి నాగసుబ్బయ్య కాలికి రాయి తగిలితే ఈరన్న కుంటేవాడు. శ్రమ ఒకడిది, సుఖం ఒకడిది అని గోడల మీద ఎర్రరంగుతో రాసేవాళ్ళు ఆ ఊరికి ఎప్పుడూ రాలేదు. రాయనక్కరలేకుండానే అది ఈరన్న కాలి మీద ఉంది.

ఎనిమిదోరోజు ఓబులమ్మ బడి వసారాలోకి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. మొగుడు బళ్ళారి గనులకు పోయి తిరిగి రాలేదు. ఐదునెలల ఆడబిడ్డను కొంగుతో మెడకు కట్టుకొని ఉంది. మణికట్లు రెండూ వాచి బిగుసుకున్నాయి.

"నర్సమ్మా, పాలుండాయి. బిడ్డను పట్టుకుందామంటే చేతులు మడత పడవు. నిన్న జారి కింద పడె" అంది.

బిడ్డ ఏడవడం కూడా మానేసింది. హరిత తన రెండు చేతులూ చాపింది.

"ఏమే, పిచ్చా నీకు?" శివాని అడ్డమొచ్చింది. "నవంబర్లో ప్రాక్టికల్స్ ఉండాయి. చేతుల్లేకుంటే మీ నాయనకేం చెప్తావు?"

హరిత నాయన ఆంజనేయ బేతంచెర్లలో నాపరాళ్ళు కోసి కోసి రొమ్ము చెడగొట్టుకున్నాడు. ఆమె నర్సయితేనే ఆ ఇల్లు నిలబడేది. అది హరితకు తెలుసు.

"నా చేతులు నొప్పి పడతాయి. లేకపోతే ఆ బిడ్డ పోతుంది" అంది.

ముసలి గంగక్క దగ్గరికి వచ్చింది. "దినం చెప్పు పాపా. దసరా అను, దీపావళి అను. ఏదో ఒకటి అనాల."

"తిరిగిచ్చేది లేదవ్వా. సేవకు గడువేంది? ఇదేమన్నా నాగసుబ్బయ్య అంగడా?"

"వద్దమ్మా, దసరాకు నేను తీసుకుంటాలే. మోసేది నాకు అలవాటే" అంది ఓబులమ్మ.

"నీకింక తిరిగి రాదు, పో" అని హరిత అరచేతులు అదిమింది. ఈరన్నను చూసి కూడా ఆమెకు దోపిడీ కనబడిందే గానీ, దినం చెప్పకుంటే ఆ చోట ముందు తగిలే నొప్పులన్నీ తీసుకున్నవాళ్ళకే పోతాయనే కట్టుబాటు కనబడలేదు.

"నిండు మనసుతో చెడగొడ్తివే" అంది గంగక్క.

ఓబులమ్మ మణికట్లు తిప్పి చూసుకుంది. స్తంభం చాటుకు పోయి బిడ్డను రొమ్ముకు పట్టుకుంది. బిడ్డ గుటకలు వసారా అంతా వినబడ్డాయి. హరిత తన కోటు గుండీ తానే పెట్టుకోలేకపోయింది.

దీపావళి దాటేసరికి ఊళ్ళో ఒక్కొక్కరే నిటారయ్యారు. చేతులు మారిన నొప్పి మాత్రం అరగదు. నవంబర్లో పరీక్షకుడి ముందు హరిత చేతిలోంచి సిరంజి మూడుసార్లు జారింది. "వచ్చే ఏడు చూద్దామమ్మా" అన్నాడాయన, మంచిగానే. హరిత బేతంచెర్లకు వచ్చేసింది. అన్నం నాయన కలిపి పెట్టేవాడు.

ఓబులమ్మ చేతులకు తగిలేవన్నీ ఇప్పుడు హరితకు తగిలేవి. పొద్దున రొట్టెల పెనం చురుకు. పగలు చేలో ముల్లు. ఒకరోజు వేలి కొసన సన్నగా కొరికినట్లయితే, "నాయినా, బిడ్డకు పళ్ళొచ్చినాయి" అని నవ్వింది. ఆ చలికాలంలో ఆమె నవ్వింది అదొక్కసారే.

జనవరిలో ఒక పొద్దున మోచేతుల దాకా కారం పూసినట్టు మంట మొదలైంది. పదకొండుకు చర్మం ఊడుతున్నట్టయింది. శిక్షణలో పురుగుమందు కేసుల వార్డులో నెలరోజులు చేసిన పిల్ల. ఆమెకు తెలిసిపోయింది. నాయన ఫోను బూతుకు తీసుకుపోయి, ఎరువుల అంగడి నంబరు నొక్కి, రిసీవరు చెవి దగ్గర పట్టుకున్నాడు.

"ఓబులమ్మా? మన శనగచేనికి మందు కొడ్తాంది" అన్నాడు నాగసుబ్బయ్య. "పంపు కారుతాందని మగోళ్ళు పట్టుకోము అనిరి. ఈయమ్మ బంగారట్లా పని చేస్తాంది."

"మనిషిని పంపప్పా! సబ్బుతో చేతులు కడిగించి ఆసుపత్రికి తీసకపోండి. విషం ఎక్కుతాంది ఆమెకు."

"అడిగితినే పొద్దున. మంటా గింటా ఏం లేదనె."

"మండేది నాకు!"

"అట్లయితే నువ్వు కడుక్కో తల్లీ" అని ఫోను పెట్టేశాడు.

తండ్రీకూతుళ్ళు బనగానపల్లె మీదుగా పోయే బస్సెక్కారు. సగం దూరంలో, మూడుంబావుకు, మంట ఆగింది. మంటతోపాటు ఐదునెలల నొప్పీ పోయింది. హరిత వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

"మా పాప చేతులు వచ్చినాయప్పా!" ఆంజనేయ దగ్గుతూనే లేచి నిలబడి బస్సంతటికీ చెప్పాడు. వెనకసీటు ముసలామె దండం పెట్టింది. కండక్టరు నవ్వాడు. హరిత కిటికీ కమ్మీ మీద తల ఆనించి, ఆ చేతులను ఒళ్ళో ఎవరివో పెట్టుకున్నట్టు పెట్టుకొని కూర్చుంది.

ఓబులమ్మను చేను గట్టున పడుకోబెట్టారు. మోచేతుల కింద చర్మం తెల్లగా ఊడి ఉంది. ముఖం మాత్రం నిమ్మళంగా ఉంది. బిడ్డ గంగక్క చంకలో ఉంది. పోలీసాయన కాగితం రాయడం అప్పటికే ముగించాడు. మొగుడు వదిలేసిన బాధతో మందు తాగి చచ్చిపోయిందట. సాక్షిగా ఒక చదువుకున్న మనిషి సంతకం కావాలట.

"తాగలేదు. చేతుల్లోంచి ఎక్కింది" అంది హరిత.

"అంత మండుతాంటే తెలీకుండా ఉంటాదా పాపా?" అన్నాడు పోలీసాయన.

నాగసుబ్బయ్య తన జేబులోంచి పెన్ను తీసి అందించాడు. హరిత అందుకుంది. పట్టు కుదిరింది. పోలీసాయన రాసిన నాలుగు వరుసలూ కొట్టేసి, కింద రాసింది: "నొప్పి తీసుకున్నది నేను. కారే పంపుతో మందు కొట్టించింది నాగసుబ్బయ్య." సంతకం చేసింది.

పోలీసాయన చదివి, గొంతు తగ్గించి, "ఇట్లా రాస్తే మొదట నీ మీదికే వస్తాది. నీకు ఉద్యోగం గిద్యోగం ఏమీ ఉండదు" అన్నాడు.

ఆంజనేయ కూతురి చేతుల వంక చూశాడు. 

"రానీ సార్" అంది హరిత.