ఎర్రనీళ్ల ఆట

సోమవారం నుంచి నేను ఆఫీసుకు పోవాలి. ఇంట్లో కూర్చుని చేసింది చాలు, ఇక రోజూ రమ్మని మెయిల్ పెట్టారు. ప్లేస్కూలుకు ఎండాకాలం సెలవులు. మా ఆయన సురేశ్ పొద్దున పోతే మళ్లీ చీకటి పడ్డాకే. మూడేళ్ల మా పాప చైతుని ఎవరు చూస్తారు? మేముండే సర్జాపుర రోడ్డంతా గాలించినా ఆయా దొరకలేదు. చివరికి ఎదురు ఫ్లాటు గంగమ్మ ఆంటీయే దేవుడిలా ఆదుకుంది. "నా కాడ వదిలిపెట్టు మమతా. మా శివాతో ఆడుకుంటా ఉంటాది" అంది. శివ ఆమె మనవడు, రెండున్నరేళ్లవాడు.

చిక్కల్లా మా చైతుతోనే. తన బొమ్మ ఎవరు ముట్టుకున్నా చెయ్యి చేసుకుంటుంది. సోమవారం లోపల ఇద్దరికీ స్నేహం కుదర్చాలని శనివారం పొద్దున్నే శివని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఎండాకాలం పిల్లల్ని నీళ్లతో ఎలా ఆడించాలో ఫోనులో ఒక వీడియో చూశాను. నీళ్లలో పసుపు కలిపి చిటికెడు వంటసోడా వేస్తే ఎర్రగా మారిపోతాయి. నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపురంగు.

ట్యాంకర్లు సరిగ్గా రావడం లేదని మా అపార్ట్‌మెంటులో పది నుంచి అయిదు దాకా కొళాయిలు కట్టేస్తున్నారు. అందుకని ముందే సగం టబ్బు నింపి హాల్లో పెట్టాను. గ్లాసులు, గరిటె, టీ జల్లెడ, నాలుగు నిమ్మచెక్కలు, కుండీలోని మందారం రేకులు. నీళ్లు ఎర్రబడగానే ఇద్దరూ కెవ్వుమన్నారు. చైతు తన గ్లాసు తానే శివకిచ్చింది! నా ప్రాణం లేచొచ్చింది.

అంతలో మేనేజర్ ఫోను. రెండు నిమిషాలే కదా అని బెడ్రూములోకి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి గంగమ్మ ఆంటీ హాల్లో ఉంది. నిలువునా తడిసి దగ్గుతున్న శివని కొంగులో చుట్టి భుజాన వేసుకుంది.

"అయ్యో, నీళ్లు మింగాడా?" అన్నాను నవ్వుతూ.

ఆమె చరచరా వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చుంటుందిలే అనుకున్నాను.

అన్ని నీళ్లు పారబోయడానికి మనసొప్పలేదు. వరండాలో రెండు ఫ్లాట్ల మధ్యనున్న కుండీల్లో పోశాను. కొన్ని పొర్లి వాళ్ల గడప ముందు ఎర్రగా నిలిచాయి. ఒక నిమ్మచెక్క కూడా దొర్లినట్టుంది, నేను గమనించలేదు.

గమనించింది వరండా ఊడ్చే అంజినమ్మ. చీపురు పట్టుకుని ఆమడ దూరంలో ఆగిపోయింది.

"ఇయ్యాల అమాస గదమ్మా! ఎర్రనీళ్లు, నిమ్మకాయ... ఎవరు దిష్టి తీసి పోసినారు, వాళ్ల గడప ముందర?"

 పరుగున లోపలికెళ్లి గుడ్డ తెచ్చేసరికి నిమ్మచెక్క లేదు; నీళ్లు తుడిచేశాను. కానీ ఆ తలుపు అప్పటికే మూసుంది.

సాయంత్రం తట్టాను. తియ్యలేదు. ఆదివారం పొద్దున తట్టాను. లోపల మిక్సీ తిరుగుతోంది, అయినా తియ్యలేదు. మధ్యాహ్నం లిఫ్టులో ఎదురుపడితే ఆమె నేల చూపులు చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నిలవలేను, కూర్చోలేను. బాల్కనీలోకీ హాల్లోకీ ఎన్నిసార్లు తిరిగానో. సెలవు పెడదామా? ఉద్యోగం మానేద్దామా?

"ఈ కాలంలో కూడా దిష్టేమిటి? చదువుకోకపోతే సరే, చెప్పేది వినాలి కదా!" అని సురేశ్ మీద విరుచుకుపడ్డాను.

"నా మీద అరిచి ఏం లాభం? పోయి ఆమెకే చెప్పు" అన్నాడు.

చెప్పడం కాదు, చూపిస్తాననుకున్నాను. అయిదింటికి కొళాయి రాగానే గ్లాసుడు నీళ్లు, పసుపు, సోడా పళ్లెంలో పెట్టుకుని, చైతుని వెంటబెట్టుకుని వెళ్లాను. ఈసారి తలుపు తీసింది. గుమ్మంలోనే నిలబడి, బడిపిల్లలకు పాఠం చెప్పినట్టు అంతా చేసి చూపించాను.

"చూశారా ఆంటీ? వంటసోడా. అంతే. దిష్టీ లేదు, గిష్టీ లేదు."

గంగమ్మ ఆంటీ గ్లాసు కేసి చూసింది.

"ఇది నాకు తెల్దా అమ్మా? ఆరతికి పసుపులో సున్నం కలిపితే ఎర్రగా కాక ఇంకెట్లయితాది? ఆ నిమ్మచెక్కను నేనే ఎత్తి బుట్టలో ఏసినా."

"మరి ఎందుకు మాట్లాడటం లేదు?"

ఆమె వెనక్కి తిరిగి చూసి గొంతు తగ్గించింది. "నిన్న నేనొచ్చినప్పుడు శివా ఆ టబ్బులో బోర్లా పడి ఉండాడు. నీ పాప వాని చొక్కా పట్టుకుని గుంజుతా ఉండాది. ఆటనుకునిందో ఏమో, నగుతా ఉండాది. నీ గొంతు లోపల రూములో ఇనిపిస్తా ఉండాది. నేనే ఎత్తినా."

 రెండు నిమిషాలని వెళ్లానా? ఆ ఫోను ఎంతసేపు మాట్లాడానో నాకే తెలియదు. వాడు దగ్గుతుంటే నేను నవ్వాను.

"నా కొడుక్కి చెప్పలేదు. చెప్తే ఊరుకోడు. నీ మొకం చూస్తే యాడ నోరు జారతానో అని తలుపు తియ్యలేదు."

"ఆంటీ... నేను..."

"రేపు ఎనిమిదింటికి పాపను తెచ్చి వదులు. మాటిచ్చినా గదా, నేను చూసుకుంటా. శివాను మాత్రం నీ ఇంటికి పంపనమ్మా. ఇంకెప్పుడూ అడగొద్దు."

తల ఊపాను. లోపల నుంచి శివ చైతుని పిలిచాడు. అది నా చెయ్యి వదిలించుకుని ఆమె పక్కనుంచి దూరి లోపలికి పరిగెత్తింది. గంగమ్మ ఆంటీ దానికి దారిచ్చి, మళ్లీ తలుపుకు అడ్డంగా నిలబడింది. నన్ను లోపలికి రమ్మనలేదు.