డాక్టరమ్మ అనిపించిన ఏప్రాన్

నేను ఒక తెల్ల ఏప్రాన్‌ని. మోకాళ్ళ దాకా పొడవు, పక్కన రెండు జేబులు, గుండె మీద ఒకటి, ఐదు గుండీలు. జనగామలో డిగ్రీ కాలేజీ ఎదుట మొగిలయ్య టైలర్ నన్ను ఒక్క పూటలో కుట్టి పడేశాడు. ఆ వారం నాలాంటి వాళ్ళను ఇంకో ఇరవై మందిని కుట్టాడు. మేమంతా జువాలజీ ల్యాబులో బొద్దింకల ముందు నిలబడటానికి పుట్టినవాళ్ళమే. మాలో ఒక్కరికీ రోగి నాడి పట్టే యోగం లేదు. ఈ సంగతి మొగిలయ్యకు తెలుసు, నాకూ తెలుసు. తెలియనిదల్లా రోడ్డు మీద జనానికే.

మొదట నన్ను తొడుక్కున్న స్వరూప మూడేళ్ళు బుద్ధిగా చదివి, బీఎడ్‌కు పోతూ పోతూ తన జూనియర్ నవనీత చేతిలో నన్ను పెట్టింది. స్వరూప నన్ను ల్యాబు గుమ్మంలోనే విప్పి, ఫార్మలిన్ కంపు కొడుతున్నానని ముక్కు మూసుకుని సంచిలో కుక్కేది. నవనీత విప్పేది కాదు. ఆటో ఎక్కినా, వాడలోకి నడిచొచ్చినా నేను ఆమె ఒంటి మీదే ఉండేవాణ్ణి. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు.

నవనీత తండ్రి సోమయ్య మార్కెట్ యార్డులో హమాలీ, తల్లి బీడీలు చుడుతుంది. పిల్ల ఇంటర్లో బైపీసీ మంచి మార్కులతోనే పాసయింది గానీ నీట్‌లో సీటు రాలేదు. ఆ దుఃఖంలో బీఎస్సీలో చేరి, ఆ చదువును సవతి పిల్లను చూసినట్టు చూసింది. డాక్టర్ కావలసినదాన్ని నాకు ఈ నాచుమొక్కల గోలేమిటని చివరి బెంచీలో కూర్చుంది. మూడో ఏడు వచ్చేసరికి కెమిస్ట్రీలో రెండు పేపర్లు, బోటనీలో ఒకటి పోయాయి. పాసైనవి కూడా అత్తెసరు మార్కులే. మెమోలు పెట్టె అడుగున చీరల కింద దాచింది. నన్ను మాత్రం ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసుకునేది.

వాడ మొదట్లో కొమురవ్వ ఇల్లు. ఒక సాయంత్రం ఆమె నన్ను ఎగాదిగా చూసి, "డాక్టర్ సదువుతున్నవా బిడ్డా?" అని అడిగింది. నవనీత నవ్వింది. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ నవ్వు అంతకు రెట్టింపు. వారం తిరిగేసరికి వాడంతా ఆమెను డాక్టరమ్మా అని పిలవసాగింది. సోమయ్యను అడిగినా, "గట్లాంటిదే" అని బస్తా భుజం మార్చుకునేవాడు.

ఇక మాత్రల అట్టలు రావడం మొదలైంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, గ్యాస్‌వాళ్ళు నవనీతకు చూపించుకునేవారు. ఆమె చాటుగా ఫోన్‌లో వెతికి, ముఖం గంభీరంగా పెట్టి చెప్పేది. అందరికంటే ఎక్కువ వచ్చేది కొమురవ్వే. ఆమెకు సర్కారు దవాఖానాలో కొత్తగా షుగర్ మాత్ర మార్చి ఇచ్చారు.

"ఎప్పుడేసుకోవాల్నో జెర సూడు బిడ్డా. ఆడ చెప్పిండ్రు గని మర్సిపోయిన."

నవనీత ఫోన్ చూసి, "పొద్దుగాల, తినే ముందు ఏసుకో అవ్వా" అంది. ఫోన్ చెప్పింది తప్పు కాదు. కానీ కొమురవ్వకు ప్రతి శనివారం ఒక్కపొద్దు. ఆ రోజు పొద్దు గూకి, దీపం పెట్టాకే అన్నం ముడుతుంది. ఇది వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. నవనీతకు గుర్తు రాలేదు.

ఆ శనివారం నవనీత ప్రాక్టికల్స్ రాసి, నన్ను తొడుక్కునే వస్తోంది. కొమురవ్వ వాకిట్లో కూలబడి ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. "డాక్టరమ్మ వచ్చింది, జరుగుండ్రి!" అని జనం దారి ఇచ్చారు. నవనీత ముందుకు పోయి నిలబడింది. అంతే, నిలబడే ఉంది. ఏం చేయాలో తెలియక చేతులు నా జేబుల్లో పెట్టుకుంది.

ఈలోగా ఎవరో కబురు పెడితే, వాడలో సూదిమందులు వేసే ఆర్ఎంపీ సదానందం బండి దిగాడు. అతని దగ్గర డిగ్రీ లేదు, నాలాంటి కోటూ లేదు. వేలికొస మీద సూది గుచ్చి చూశాడు, చక్కెర నీళ్ళు కలిపి గుటక గుటకగా తాగించాడు. పావుగంటకు అవ్వ చూపు కుదురుకుంది.

"ఒక్కపొద్దు ఉండి షుగర్ గోలి ఏసుకుంటరా? ఎవలు ఏసుకోమన్నరు నీకు?" అని కసిరాడు.

అవ్వ నవనీత వైపు చూడనైనా లేదు. "ఎవలు చెప్పలే అయ్యా. నా మతి మండ, నేనే ఏసుకున్న."

అప్పుడైనా నవనీత నోరు తెరుస్తుందేమోనని ఎదురుచూశాను. తెరవలేదు. ఏప్రాన్‌కు తల ఉండదు. అయినా ఆ రోజు నాకు తలకొట్టేసినట్టయింది.

సోమవారం నవనీత పెట్టె అడుగునుంచి మెమోలు తీసి, జువాలజీ యాకూబ్ సార్ ముందు పెట్టింది. మళ్ళీ నీట్ రాస్తాను, దారి చెప్పండి సార్ అని అడిగింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి అన్నీ చూశాడు.

"డిగ్రీ మార్కులు నీట్‌కు అడ్డం కావు. ఇంటర్ మార్కులు సరిపోను ఉన్నయి, వయసుకూ పట్టింపు లేదు. గని మూడు పేపర్లకు మొకం చాటేసినదానివి, రేపు నూట ఎనభై ప్రశ్నలకు మొకమెట్ల చూపిస్తవ్?"

కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. ముందు తప్పిన పేపర్లు పాసు కావాలి, ఆ కెమిస్ట్రీయే రేపు అక్కరకొస్తుంది. తర్వాత ఇంటర్ ఫిజిక్స్ మొదటి పేజీ నుంచి. నీట్ రెండుసార్లు రాసి చూడాలి. రాకపోతే నర్సింగ్ ఉంది, ల్యాబ్ పని ఉంది, అవి చిన్న పనులేం కావు. రాస్తూ రాస్తూ ఆగి, "అసలు డాక్టర్ ఎందుకు కావాలె నీకు?" అని అడిగాడు.

నవనీత ఏడుస్తూ కొమురవ్వ సంగతంతా చెప్పేసింది. సార్ కాగితం పైన మిగిలిన కాస్త జాగాలో ఇరికించి రాశాడు: "ముందు అవ్వకు నిజం చెప్పాలె."

మనుషులు గమ్మత్తైనవాళ్ళు. నవనీత సప్లిమెంటరీ పరీక్షకు దరఖాస్తు పెట్టింది, పాత ఫిజిక్స్ పుస్తకాలు తెచ్చుకుంది, తెల్లవారుజామునే లేచి లెక్కలు చేసింది. పై లైను తప్ప అన్నీ చేసింది. కొమురవ్వ ఇల్లు తప్పించుకోవడానికి వెనక సందులోంచి తిరిగొచ్చేది. అలా పద్దెనిమిది రోజులు గడిచాయి.

పంతొమ్మిదో రోజు నన్ను తొడుక్కోలేదు, మడిచి చేతి మీద వేసుకుంది. అవ్వ అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు బీడీలు చుడుతున్నారు. వాళ్ళు పోయేదాకా ఆగుదామని ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకే నడిచింది.

"అవ్వా, నేను డాక్టర్ సదువుతలేను. ఉత్త డిగ్రీ. అండ్ల గూడ మూడు పోయినయ్. నీకు గోలి చెప్పింది నేనే."

బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. కొమురవ్వ ఆమె ముఖంలోకి చూసింది. కోపం లేదు, అయోమయంగా ఉంది.

"మరి ఇన్ని దినాలు నా గోలీలు ఎవలు సూసినట్టు?"

"ఎవలు సూడలే అవ్వా."

అవ్వ తిట్టినా బాగుండేది. మాత్రల అట్ట కొంగున ముడేసుకుని లోపలికి పోయింది. నవనీత ఆ అరుగు ముందు ఎంతసేపు నిలబడిందంటే నాకే విసుగొచ్చింది. ఆ తర్వాత వాడలో ఆమెను డాక్టరమ్మా అన్నవాళ్ళు లేరు. కొన్నాళ్ళు ఎవరూ అసలు పిలవనే లేదు.

చలికాలం ముందు కొమురవ్వ బొంత కుట్టుకోవడానికి పాతగుడ్డలు అడుగుతూ ఇల్లిల్లూ తిరిగింది. మా గుమ్మం దగ్గర కూడా ఆగింది. అప్పటికి నవనీత కెమిస్ట్రీ రెండు పేపర్లూ గట్టెక్కింది. బోటనీ మళ్ళీ పోయింది, మళ్ళీ ఫీజు కట్టింది. తలుపు వెనక మేకుకు వేలాడుతున్న నన్ను తీసి అవ్వ చేతిలో పెట్టింది.

"మల్ల నీకు అక్కర పడదా?" ఆ రోజు తర్వాత అవ్వ ఆమెతో అన్న మొదటి మాట అది.

"పడితే కొత్తది కుట్టిచ్చుకుంట అవ్వా. గిది ఒద్దు."

కొమురవ్వ నన్ను వెలుతురుకు పట్టి, బొటనవేలితో నలిపి చూసింది.

"బట్ట మంచిదే" అంది.

ఇప్పుడు నేను నాలుగు ముక్కలై ఆమె బొంతలో ఉన్నాను. ఇన్నేళ్ళలో నా గురించి ఎవరైనా అన్న నిజమైన మాట అవ్వ అన్న ఆ ఒక్కటే.